ఫీజు కట్టమన్న మాట

29 జూలై 1963, సోమవారం

ఆయన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. బండి దిగి తన కాళ్ళ మీద తనే లోపలికి నడిచారు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి ఉంది. వేళ్ళు దక్కుతాయని డాక్టరు అన్నాడు. పట్టు రావడానికి మాత్రం నెలలు పడుతుందట. మనిషి దక్కాడు, నాకది చాలు.

వచ్చిన దగ్గర్నుంచి చూడవచ్చేవాళ్ళే. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పాలి. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఎరువుల అంగడివాళ్ళు ఆయనకిచ్చిన ఈ డైరీ ఎటూ ఖాళీగానే ఉంది. ఇందులో ఒకసారి రాసి పెట్టుకుంటే రేపటి నుంచి ఎవరొచ్చినా ఇదే పాఠం అప్పజెప్పొచ్చు.

పోయిన గురువారం పొద్దున మోటారు మొరాయించింది. ఆయన దొరువులోకి దిగారు. (దొరువంటే ఏందని నాయుడుపేట నుంచి వచ్చిన పిన్ని అడిగింది. ఇసుకలో తవ్విన పెద్ద గుంట పిన్నీ, మోటారు అడుగున నీళ్ళ పక్కనే ఇటికల దిమ్మె మీద ఉంటుంది, కరెంటు పెట్టె పైన గట్టు మీద పాకలో ఉంటుంది అని చెప్పాను.) దిగేముందు ఆయన పెట్టెలో ఫీజులు మూడూ ఊడదీసి పాక గోడకున్న గూట్లో పెట్టారు. అంతవరకు ఆయన తప్పేం లేదు. ఆయన కింద తీగలు చేత్తో పట్టుకొని ఉండగా, పైన మునెయ్య ఆ ఫీజులకు కొత్త తీగ కట్టి, పెట్టెలో దోపి, మెయిను వేశాడు. ఆయన ఎగిరి నీళ్ళలో పడ్డారు. అరుపు విని మునెయ్యే మెయిను దించి, దూకి, పైకి లాగాడట. కొంప ముంచినవాడే ఈత కొట్టి తేల్చినట్టు.

పెళ్ళయి నేను ఈ ఇంటికొచ్చేనాటికే ఉన్న మనిషి మునెయ్య. ఎందుకు కట్టావురా అని మా బావగారు గొంతు పట్టుకుంటే, "అమ్మ కట్టమనింది" అన్నాడు. బావగారు నా వైపు చూశారు. నేను అనలేదన్నాను. అనలేదు గనక అనలేదన్నాను.

బావగారు వాణ్ణి పనిలోంచి తీసేశారు.

31 జూలై

ఆయన మాట్లాడడం లేదు. అడిగితే ఊఁ అంటారు. పక్క చేలో మోటారు చప్పుడు వినపడితే చెయ్యి ఒళ్ళోకి లాక్కుంటారు. దొరువు వైపు కిటికీ మూసెయ్యమన్నారు. మూశాను. ఇల్లంతా ఉక్క.

వేసవిలో వేసిన ఎడగారు వరి వెన్ను తీసింది. ఇప్పుడు నీళ్ళు కావాలి. ఆ మాట ఆయనతో అనలేను.

2 ఆగస్టు

మునెయ్య పెళ్ళాం మాలకొండమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి గుడ్డమూట ఒకటి అరుగు మీద పెట్టింది.

"ఏంది ఇది?"

"పాపకు బడిలో కట్టమని మీరిచ్చిన డబ్బులు. మా ఆయన మొలలోనే ఉండిపోయినాయి. మీయి మాకొద్దు."

డబ్బు సంగతి నేను మరిచే పోయాను. మా అమ్మాయి ఇందిర కోట ఊళ్ళో బళ్ళో తొమ్మిదో తరగతి. మునెయ్యే బండిలో దింపి వస్తాడు కాబట్టి ఫీజు వాడి చేతికిచ్చాను. ముందురోజు బుధవారం, ఫీజు రాసుకునే గుమాస్తా బళ్ళో లేడని తిరిగి తెచ్చాడు.

"మీ ఆయన నా మీద అబద్ధం చెప్పినాడు మాలకొండమ్మా. అది నీకు తెలుసా?" అన్నాను.

"మా ఆయనకు అబద్ధం చెప్పేంత తెలివుంటే మీ ఇంట్లో ఇన్నేళ్ళు ఎందుకుంటాడమ్మా?" అని వెళ్ళిపోయింది. నోరు చూడు దానికి.

మూట విప్పి చూస్తే ఇచ్చిన డబ్బు ఇచ్చినట్టే ఉంది. ఒళ్ళు మండింది. గురువారం పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా పెరటి గుమ్మంలోకొచ్చి కట్టేదా అమ్మా అని అడిగాడు. "కట్టెయ్, ఇంకా అడిగేదేముంది? నిన్ననే కట్టాల్సింది" అని కసిరి మరీ పంపాను. అయినా కట్టలేదు. చెప్పిన పని చెయ్యడు, చెప్పని పని చేస్తాడు. ఇలాంటివాణ్ణి తీసేసి బావగారు మంచిపనే చేశారు.

3 ఆగస్టు

నేను అనలేదు.

5 ఆగస్టు, సోమవారం

బావగారు పొద్దున్నే వచ్చారు. పేరు చెంచురామయ్య అయినా, ఊళ్ళో అందరికీ పెద్దయ్యే. ఆయన అరుగు మీద కూర్చొని ఏది చెబితే అది మా ఊళ్ళో తీర్పు. మునెయ్యను ఎవరూ పనిలో పెట్టుకోకూడదని కూడా ఆ అరుగు మీదే చెప్పారట. నాకు ఇవ్వాళే తెలిసింది.

"మోటారు అమ్మేద్దామమ్మాయ్. మనకు అచ్చిరాలే. మా నాయన మోట తోలి పండించలేదా?" అన్నారు.

ఎద్దులేవి బావగారూ, మోటారొచ్చిందని మీరే కదా అమ్మించారు అని నోటిదాకా వచ్చింది. మింగాను. కూలికొచ్చిన మనుషుల్లో ఒక్కడు కూడా కరెంటు పెట్టె తలుపు తియ్యడు. దూరం నుంచే దండం పెట్టి పోతున్నారు. చేలో నేల పగుళ్ళిచ్చింది. గింజ పాలు పట్టే వేళ నీళ్ళు తగలకపోతే తాలే మిగులుతుంది.

సాయంత్రం ఆయనతో అన్నాను, కోట నుంచి వైరుమేన్‌ను పిలిపిస్తానని. ఆయన గోడ వైపు తిరిగే ఉన్నారు.

"పిలిపించి? తర్వాత ఫీజు పోతే ఎవరు కడతారు?"

"నేను కడతాను."

ఇటు తిరిగారు. ఇంటికొచ్చాక నా మొహం సరిగ్గా చూడడం అదే మొదటిసారి. వద్దనలేదు. సరే అని కూడా అనలేదు.

7 ఆగస్టు

వైరుమేన్ క్రీస్తుదాసు సైకిలు మీద వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, జేబులో దువ్వెన పెట్టుకొని ఉంటాడు. పనిచేస్తున్నంతసేపూ కీర్తనలు పాడతాడు, మధ్యలో ఆపి మనల్ని తిడతాడు. దొరువులోకి దిగి మోటారు విప్పి, తడిసిన తీగలు మార్చి, ఎండకు ఆరబెట్టి, మళ్ళీ బిగించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. దిగేముందు ఫీజులు ఊడదీసి పంచె మొలలో దోపుకున్నాడు. ఎందుకని అడిగాను.

"గూట్లో పెడితే అది అందరిదమ్మా. నా మొలలో ఉంటే నాదే. నేను పైకొచ్చిందాకా యమధర్మరాజు వచ్చి అడిగినా ఎవరూ ఇయ్యలేరు."

ఆయన గూట్లో పెట్టారని నేను చెప్పలేదు.

తర్వాత ఫీజులు మళ్ళీ పెట్టెలో దోపి, నాకు నేర్పడం మొదలుపెట్టాడు. నవ్వుతాడేమో అనుకున్నాను గాని నవ్వలేదు. పీట తెచ్చి పాకలో వేయించి దాని మీద నిలబడమన్నాడు. తడిచెయ్యి చూసి కొంగుతో తుడుచుకోమన్నాడు. నేను తుడుచుకున్నది చాలలేదట, మళ్ళీ తుడిపించాడు. "ముందు మెయిను దించల్ల. ఏమరపాటున కూడా మెయిను ఉండగా ఫీజు లాగబాకండి." మెయిను దించాను. పింగాణి ముక్క పట్టుకొని నేరుగా వెనక్కి లాగాను. గట్టిగానే ఉంది. దాని రెండు చివర్లా ఇత్తడి మరలు, వాటి మధ్య వెంట్రుకంత తీగ, నడిమికి మాడి తెగి ఉంది. ఇంత పెద్ద మోటారు ఈ వెంట్రుక మీద ఆడుతుందా అన్నాను.

"దీని మీద ఆడదమ్మా, ఇది కాపలా. లోపల ఏదైనా తేడా వస్తే ముందు ఇది చస్తుంది. ఇది చావబట్టి మోటారు బతుకుతుంది. మీ ఊళ్ళో కొందరు మహానుభావులు ఉండారు, మాటిమాటికీ పోతుందని దీనికి బదులు మందం తీగ చుడతారు. అప్పుడు ఫీజు పోదు. మోటారు పోద్ది, పాక పోద్ది, ఆ తర్వాత వాళ్ళే పోతారు."

"అయితే పోయినప్పుడల్లా కొత్తది కట్టడమేనా?"

"కాదు. ముందు ఎందుకు పోయిందో చూడల్ల. అది తెలుసుకోకుండా కొత్తది కట్టినావంటే, అది కూడా పోతుంది. ఫీజు పోవడం రోగం కాదమ్మా, రోగం ఉండాదని చెప్పడం."

మాడిన ముక్కలు తీసి, గరుకు కాగితంతో మరల కింద మసి గీకించాడు. తీగచుట్ట నా చేతికిచ్చాడు. ఎంత కొలత కొయ్యాలో చూపాడు. అప్పుడు సైకిలు వైపు పోయి నీళ్ళు తాగుతూ, "ఇంక ఫీజు కట్టండమ్మా" అన్నాడు.

"పని పూర్తి కాకముందే ఫీజేంది? ఆయన్ను అడిగి ఇస్తాలే" అన్నాను.

క్రీస్తుదాసు నీళ్ళు పొలమారేటట్టు నవ్వాడు. "నా ఫీజు కాదమ్మా, ఈ ఫీజు! చేతిలో ఉండేది!"

నేనూ నవ్వబోయాను. నవ్వు రాలేదు. చేతిలో ఉన్న తీగ కిందపడింది. ఇసుకలో వెతికాను గాని కళ్ళకు ఏమీ కనపడలేదు. వెంట్రుకంత తీగ కదా, అందుకే కనపడలేదని అతనితో అన్నాను. అతను ఇంకో ముక్క ఇచ్చాడు. మర తిరిగే వైపే తీగ చుట్టాలట, లాగి బిగించకూడదట, వదులుగా వదలకూడదట. అన్నీ విన్నాను. మూడూ కట్టాను. మోటారు ఆడింది. నీళ్ళు పడ్డాయి. ఇందిర చప్పట్లు కొట్టింది.

8 ఆగస్టు

తలనొప్పి.

9 ఆగస్టు

తలనొప్పేం కాదు.

గురువారం పొద్దున మునెయ్య పెరటి గుమ్మంలో నిలబడి ఏమన్నాడు? గుర్తు చేసుకుంటున్నాను. "అమ్మా, ఫీజు కట్టేదా?" ఇదే అన్నాడు, ఇంకో మాట లేదు. నేను పొయ్యిలో పిడక తోస్తూ, పొగకు కళ్ళు మండి, వాడి వైపు చూడకుండానే, "కట్టెయ్, ఇంకా అడిగేదేముంది? నిన్ననే కట్టాల్సింది" అన్నాను.

వాడి మొలలో బడి డబ్బుంది. నాకు అదే ఫీజు. వాడు పాక దగ్గర్నుంచి వచ్చాడు. గూట్లో పింగాణి ముక్కలు చూసి వచ్చాడు. వాడికి అదే ఫీజు.

వాడు మోటారు ఫీజు అని ఎందుకనలేదు? అదేదో ఒక మాట ముందు చేరిస్తే ఏం పోయింది? నోటి ముత్యాలు రాలతాయా?

నేను బడి ఫీజు అని ఎందుకనలేదు అని ఎవరైనా అడిగితే? ఎవరూ అడగరు. వాడు అబద్ధమాడాడని ఊరంతా నమ్మింది. నా మాట తప్పు కాదు. ఫీజు కట్టమని నేను అన్నాను. ఆ ఫీజు కట్టమని అనలేదు. అనలేదన్నది నిజమే.

అంతవరకు నా తప్పేం లేదు.

పైవాక్యం రాశాక మొదటి పేజీ తిప్పి చూశాను. ఆయన గురించి కూడా ఇలాగే రాసి ఉన్నాను. అంతవరకు అంటే ఎంతవరకు?

11 ఆగస్టు, ఆదివారం

నిన్న ఫీజు పోయింది. పీట వేసుకొని, మెయిను దించి, చెయ్యి తుడుచుకొని లాగి చూశాను. మూడింట్లో ఒకటే మాడింది. తీగచుట్ట పక్కనే ఉంది, కట్టేస్తే క్షణం పని. క్రీస్తుదాసు మాట గుర్తొచ్చి ఆగాను. ఎందుకు పోయిందో చూడల్ల. ఫీజులు మూడూ కొంగున ముడేసుకొని దొరువులోకి దిగాను. మోటారు గొట్టానికి గడ్డీ నాచూ చుట్టుకొని, బిగిసి కూర్చొని ఉంది. అంతా పీకి పారేశాను. చేతితో తిప్పితే మోటారు తిరిగింది. పైకొచ్చి కట్టాను. మళ్ళీ పోలేదు.

ఆయనతో చెబుదామని గర్వంగా వచ్చాను. వాకిట్లో కూలిమనిషి ఇంకెవరితోనో అంటోంది, మునెయ్య సామాను సర్దుకుంటున్నాడట. ఈ చుట్టుపక్కల ఎవరూ పనివ్వడం లేదు. ఉప్పుకొఠార్లకు పోయినా, చెంచురామయ్యగారు వద్దన్నారని అక్కడా పెట్టుకోలేదు. మద్రాసు వెళ్ళిపోతారట, మళ్ళీ రారట.

నా నోటిమాట ఒక్కటి, వాడి బతుకును ఊరు దాటిస్తోంది. లోపల నాచు చుట్టుకొని ఉంటే పైన ఎన్ని ఫీజులు కట్టి ఏం లాభం?

ఆయన మంచం దగ్గర కూర్చొని చెప్పాను. మెల్లగా చెప్పాలనుకున్నాను గాని ఒక్క గుక్కలో వచ్చేసింది. పొయ్యి, పొగ, పెరటి గుమ్మం, బడి డబ్బు. ఏడ్చాను కూడా. ఆయన చాలాసేపు కట్టు కట్టిన చెయ్యి చూసుకున్నారు.

"నేను దొరువులో ఉండానని వాడితో నువ్వు చెప్పలేదా?"

"వాడు అడగలా. వాడికి తెలుసనుకున్నా."

"నేనూ చెప్పి దిగలా. పిలిచి చెబితే వాడు నేను దిగతానంటాడు, పని నిదానమవుద్దని చెప్పలా." తర్వాత, "ఒక్క మాటకు ఎంతమందిమి పడ్డామే" అన్నారు. కోపం ఉంటుందనుకున్నాను. ఉంది కూడా, కాని ఎవరి మీదో ఆయనకే తెలిసినట్టు లేదు.

దొరువు వైపు కిటికీ తెరవమన్నారు.

12 ఆగస్టు

బావగారితో చెప్పాను. విని, చుట్ట పక్కన పెట్టి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా మాట్లాడారు.

"అమ్మాయ్, వాణ్ణి వెనక్కి పిలుస్తాం. నేనే పొరపాటుపడ్డానని చెప్పి పిలుస్తా. నీ పేరు దీంట్లో ఎందుకు? ఇంటి కోడలు నోటితో చెప్పింది తప్పని పదిమందిలో తేలితే రేపు పనివాడు ఎవడు మాట ఇంటాడు?"

నాకు మంచే చేస్తున్నారు. అదే కష్టం. ఆ దారిన పోతే అందరూ బాగుంటారు, మునెయ్య ఒక్కడు అబద్ధాలకోరుగా మిగులుతాడు. పెద్దయ్య దయ తలచి మళ్ళీ పెట్టుకున్న అబద్ధాలకోరు.

"వాడు అబద్ధమాడినాడని మీరు అరుగు మీద చెప్పినారు బావగారూ. ఆడలేదని కూడా అరుగు మీదే చెప్పల్ల" అన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం నాకు ఇదే మొదలు.

చుట్ట తీసుకొని లేచి వెళ్ళిపోయారు.

13 ఆగస్టు

మునెయ్య ఇంటికి నేనే వెళ్ళాను. ఊరు దాటి, కాలవ గట్టు దిగి, ఇసుకలో నడిచి. మా ఇంటి ఆడవాళ్ళెవరూ ఆ వైపు వెళ్ళింది లేదు. దారిలో ఎదురుపడిన వాళ్ళంతా నిలబడిపోయి చూశారు. చూడనీ.

గుడిసె ముందు మూటలు కట్టి ఉన్నాయి. మునెయ్య కూర్చున్నవాడు లేచాడు గాని అమ్మా అనలేదు. మాలకొండమ్మ చాప వెయ్యలేదు. నేను ఇసుకలోనే కూర్చొని మొత్తం చెప్పాను.

మునెయ్యకు మొదట అర్థం కాలేదు. "నేను అడిగినా గదా, నువ్వు కట్టమన్నావు గదా" అని అదే అంటున్నాడు.

"నువ్వు అడిగింది మోటారుది. నేను కట్టమన్నది బడిది."

మాలకొండమ్మకు ముందు వెలిగింది. నెత్తిన చెయ్యి పెట్టుకొని కూలబడింది.

"అయ్యో నా తల్లీ! ఆరోజు నుంచి పొయ్యికాడ కూర్చొని నిన్ను తిట్టని తిట్టు లేదే. నీ వంశాన్నంతా తిట్టిపోసినా. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఏం చేసుకునేది?"

"సగం నాకుంచి, సగం మా బావగారికియ్యి" అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే మునెయ్య ఏడుపు మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళలో వాడు ఏడవడం నేను చూడలేదు.

"నేను కట్టి మెయిను వేసినాక, అయ్య అరిచినాడమ్మా. ఆ అరుపు నా చెవుల్లోంచి పోవడం లా. అమ్మ చెప్పింది గదా, అమ్మ చెప్పింది గదా అని నాకు నేనే చెప్పుకుంటా ఉండా. నువ్వు అనలేదంటివి. అనకపోతే ఎవరు చంపబోయింది? నేనేగా? అయ్యను నేనే చంపబోయినట్టుగా?"

ఈ మాట నేను అనుకోలేదు. వాడి కూలి పోయిందనే నా బాధ. వాడికి పోయింది కూలి కాదు. నేను అన్నానన్న ఒక్క ఆధారం పట్టుకొని వాడు నిలబడి ఉంటే, అనలేదని దాన్ని కూడా లాగేశాను.

"నేను అన్నాను మునెయ్యా. కట్టమని నేనే అన్నాను" అన్నాను.

వాడు మొహం తుడుచుకొని అడిగాడు. "ఈ మాట ఊళ్ళో చెప్తావా అమ్మా?"

"చెప్తాను."

15 ఆగస్టు

బళ్ళో జెండా ఎగరేసి అందరూ బావగారి అరుగు దగ్గరికి చేరారు, ఏటా చేరినట్టే. ఆయన కట్టు చేత్తో నా పక్కన నడిచి వచ్చారు. ఇల్లు దాటడం ఇదే మొదలు. బావగారు నన్ను చూసి తల తిప్పుకున్నారు. నేను అరుగు కింద నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గొంతు పీలగా వచ్చింది, వెనకవాళ్ళు వినపడలేదంటే మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టం.

ఎవరో కిసుక్కుమన్నారు. "ఫీజుకూ ఫీజుకూ తేడా తెలీకపోతే ఎట్టా?" అన్నాడు ఒక పెద్దమనిషి. "నీకు తెలిస్తే చెప్పు మామా, నేర్చుకుంటాం" అన్నారు మా ఆయన.

బావగారు చుట్ట ఆర్పి లేచి నిలబడ్డారు. మునెయ్య ఆడినమాట నిజమేనని, తాను తొందరపడ్డానని అన్నారు. మొహం కందగడ్డలా ఉంది. కాని అన్నారు. నేను బావగారిని మనసులో చాలా మాటలు అన్నాను. కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను, అన్నీ కాదు.

16 ఆగస్టు

మునెయ్య పనిలోకొచ్చాడు. చేలో పనంతా చేస్తున్నాడు గాని పాకలోకి రాడు. "ఆ పెట్టె నేను ఇంక ముట్టనమ్మా" అన్నాడు. ఫీజులు నేనే కడుతున్నాను.

19 ఆగస్టు

ఇందిర బడి నుంచి వస్తూనే, "అమ్మా, ఫీజు కట్టకపోతే రేపు నిలబెడతారంట" అంది.

పెరట్లో గడ్డి వేస్తున్న మునెయ్య, లోపల పడుకున్న ఆయన, పొయ్యి దగ్గర నేను, ముగ్గురం ఒక్కసారే అరిచాం. "ఏ ఫీజు?"

పిల్ల బిత్తరపోయింది. ఆ డబ్బు మూట అరుగు మీదనుంచి తెచ్చి పప్పుల డబ్బాలో పెట్టానే గాని, కట్టడం ఇంతవరకు ఎవరికీ గుర్తే లేదు.

27 ఆగస్టు, మంగళవారం

ఆయన చేతికి కట్టు తీసేశారు. అరిచెయ్యంతా కొత్త చర్మం, గులాబిరంగుగా, పసిపిల్లవాడి చెయ్యిలా ఉంది. వేళ్ళు సగం ముడుస్తున్నారు.

ఇవ్వాళ పొద్దున మోటారు ఆగింది. నేను కొంగు దోపుకుంటుంటే ఆయన, "నువ్వుండు, నేను చూస్తా" అన్నారు. పాకలోకి వెళ్ళారు. మునెయ్య బయటే నిలబడిపోయాడు. ఆయన ఎడంచేత్తో మెయిను దించి, ఫీజులు మూడూ లాగి, గుమ్మంలోకొచ్చి మునెయ్య చేతుల్లో పెట్టారు.

"నేను పైకొచ్చిందాకా ఇవి నీ దగ్గరే ఉండనీ."

మునెయ్య వాటిని రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు. ఇంతకన్నా పెద్ద మాట ఆయన నోట రాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా వాడు ముందుకొచ్చి, ఆ ముక్కలు ఒక్కొక్కటే తీసి ఆయన పంచె మొలలో దోపాడు.

"వద్దులే అయ్యా. నమ్మకం నా దగ్గరుండనీ, ఫీజు నీ మొలలోనే ఉండల్ల."

ఆయన దిగారు. నేను చూడలేక ఇంట్లోకొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. పిడక తోస్తున్నాను, పొగ వస్తోంది. మోటారు చప్పుడు కోసం వింటున్నాను, రాకూడదని కూడా వింటున్నాను.

కాసేపటికి పెరటి గుమ్మంలో నీడ పడింది.

"అమ్మా, ఫీజు కట్టేదా?"

పిడక కింద పెట్టి వాడి వైపు తిరిగాను.

"ఏ ఫీజు?"

"మోటారు ఫీజమ్మా."

"అయ్య యాడుండాడు?"

"పైనే. గట్టు మీద. నువ్వు కళ్ళతో చూసి చెప్పిందాకా నన్ను పెట్టె ముట్టొద్దన్నాడు."

"నువ్వు కడతావా?"

"కడతా." వాడు చేతులు చూపించాడు. పొడిగా తుడుచుకొని వచ్చాడు.

వాడితో పాటు వెళ్ళాను. ఆయన గట్టు మీద కాళ్ళు చాపుకొని కూర్చొని ఉన్నారు, మోకాళ్ళ దాకా బురద. నన్ను చూసి మొలలోంచి ఫీజులు తీసి మునెయ్యకిచ్చారు. నేను దగ్గరికెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఉన్నారని రూఢి చేసుకొని, అప్పుడు అన్నాను.

"కట్టు మునెయ్యా."

నీళ్ళు పడ్డాక పొయ్యి మీద పప్పు మాడిపోయిందని గుర్తొచ్చింది. ఆ మాడుపప్పే ముగ్గురం వంక పెట్టకుండా తిన్నాం.